ఒక్క ప్రతి చాలదు: మిర్రరింగా, రెప్లికేషనా?

బడిలో మార్కుల రిజిస్టరు ఒక్కటే ఉందనుకోండి. అది వానకు తడిస్తే ఏడాది శ్రమ పోయినట్టే. అందుకే రెండో ప్రతి రాసుకుంటాం. కానీ ఆ ప్రతిని అదే బీరువాలో పెట్టాలా, వేరే ఊళ్లో పెట్టాలా? అప్పటికప్పుడే రాయాలా, సాయంత్రం కూర్చుని రాయాలా? కంప్యూటర్లలో లెక్కలు దాచుకునే ప్రతి సంస్థకూ ఎదురయ్యే ప్రశ్నలు ఇవే.

మిర్రరింగ్

పేరులోనే అద్దం ఉంది. రాసిన ప్రతి అంకె ఒకేసారి రెండు హార్డ్ డిస్కులపై పడుతుంది. ఒకటి పాడైతే రెండోది పని ఆపకుండా నడిపిస్తుంది. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పరిశోధన పత్రంలో ‘రెయిడ్’ పద్ధతులను వివరించారు. వాటిలో మొదటి స్థాయి ఇదే.

దీని లోపం ఏమిటంటే, సాధారణంగా రెండు డిస్కులూ ఒకే పెట్టెలో ఉంటాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి అగ్నికి ఆహుతైంది. వేరే చోట ప్రతి ఉంచుకోని ఖాతాదారులు ఎందరో తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు. ఇల్లు కాలితే ఇంట్లోని అద్దమూ మిగలదు కదా!

రెప్లికేషన్

ఇందులో ప్రధాన సర్వర్‌లో జరిగిన మార్పులు వరుస తప్పకుండా మరో సర్వర్‌కు చేరతాయి. అది వేరే నగరంలో కూడా ఉండవచ్చు. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో అవతలి సర్వర్ ‘అందింది’ అని చెప్పేదాకా ఇవతలిది ఆగుతుంది. రెండో రకంలో ఆగకుండా ముందుకు సాగుతుంది.

ఆగడం వల్ల ఆలస్యం ఎంత? గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. తీగ పొడవు 700 కిలోమీటర్లు అయితే, వెళ్లి రావడానికి కనీసం 7 మిల్లీసెకన్లు. ఒక్కసారికి ఇది చిన్నదే. వేల సార్లు వరుసగా ఆగాల్సి వస్తే పని నెమ్మదిస్తుంది. ఆగని పద్ధతిలో వేగం ఉంటుంది కానీ, ప్రధాన సర్వర్ హఠాత్తుగా పడిపోతే చివరి కొన్ని మార్పులు పోవచ్చు.

రెండూ ఆపలేనిది

చేతి పొరపాటును ఈ రెండూ ఆపలేవు. మనం పొరపాటున తుడిచేస్తే అద్దం కూడా తుడిచేస్తుంది, దూరపు ప్రతి కూడా తుడిచేస్తుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో రెప్లికేషన్ వెనకబడింది. దాన్ని సరిచేసే ప్రయత్నంలో ఒక ఇంజినీరు రెండో సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటాను తొలగించాడు. రోజువారీ బ్యాకప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయని అప్పుడే బయటపడింది. పరీక్షల కోసం సుమారు ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి ఉండబట్టి గట్టెక్కారు. అయినా ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం పోయింది.

ఎలా ఎంచుకోవాలి?

రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంతసేపటి సమాచారం పోయినా తట్టుకోగలం? ఎంతసేపు పని ఆగినా ఫరవాలేదు? డిస్కు పాడవుతుందన్న భయానికి మిర్రరింగ్ చాలు, ఖర్చూ తక్కువ. భవనానికో, ఊరికో ఆపద వస్తుందన్న భయం ఉంటే రెప్లికేషన్ కావాలి. ఒక్క అంకె కూడా పోకూడదంటే ఆగే పద్ధతి, వేగం ముఖ్యమైతే ఆగని పద్ధతి.

ఏది ఎంచుకున్నా విడిగా బ్యాకప్ ఉండాల్సిందే. దాన్ని మూడు నెలలకొకసారైనా తెరిచి, సమాచారం నిజంగా తిరిగి వస్తుందో లేదో చూడాలి. పిల్లవాడికి పాఠం వచ్చిందో లేదో అప్పజెప్పించుకుంటేనే కదా తెలిసేది! ప్రతి విషయమూ అంతే.