డెస్క్‌టాప్ ఎన్నేళ్లకు మార్చాలి? గోదావరిఖనిలో మా పాత పీసీ నేర్పిన లెక్క

"ఐదేళ్లయింది, పీసీ మార్చేయాలా?" అని ఫ్రెండ్స్ తరచూ అడుగుతారు. ఏళ్ల కంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి. మా ఇంటి పీసీతోనే చెప్తా.

సింగరేణి క్వార్టర్‌లో మా డెస్క్‌టాప్: కోర్ ఐ5-4460, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, హార్డ్ డిస్క్. నా బీటెక్ అంతా దాని మీదే నడిచింది. 2025 సెప్టెంబర్‌లో చెల్లె ఈఏపీసెట్ మాక్ టెస్ట్ రాస్తుంటే రెండుసార్లు ఆఫ్ అయింది. "లాభాల వాటా పైసలు వస్తయ్ కదా, కొత్తది తీసుకుందాం" అన్నాడు బాపు. ఆ పైసలు చెల్లె కోచింగ్ ఫీజుకు అనుకున్నవి. నిజం చెప్పాలంటే, నేనూ కొత్త పార్టుల లిస్ట్ రాసేసుకున్నా. కొనేముందు ఒకసారి క్యాబినెట్ తెరిచా.

1. వేడి: కూలర్ రేకుల మధ్య బొగ్గు దుమ్ము గడ్డకట్టి, గాలి పోయే దారే లేదు. హెచ్‌డబ్ల్యూమానిటర్‌లో 97 డిగ్రీలు! ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికొస్తే స్పీడ్ తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే సిస్టమ్ ఆఫ్ అవుతుంది. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టా. థర్మల్ పేస్ట్ మార్చా. 71కి దిగింది. మా దగ్గర ఈ క్లీనింగ్ రెండు మూడు నెలలకోసారి తప్పదు.

2. స్లో ఎక్కడ: టాస్క్ మేనేజర్ చూడండి. మా దాంట్లో డిస్క్ 100 శాతం, ర్యామ్ ఫుల్, ప్రాసెసర్ మాత్రం ఖాళీగానే ఉంది. అంటే మార్చాల్సింది ప్రాసెసర్ కాదు. సాటా ఎస్ఎస్‌డీ వేసి, సెకండ్ హ్యాండ్ ర్యామ్‌తో 8 జీబీ చేశా. ఎస్ఎస్‌డీ రేపు కొత్త పీసీలోనూ పనికొస్తుంది. డీడీఆర్3 ర్యామ్ పనికిరాదు, అందుకే దాని మీద ఎక్కువ పెట్టొద్దు.

3. ప్లాట్‌ఫామ్: అసలు గడువు ఇదే. విండోస్ 11కి టీపీఎం 2.0, ఇంటెల్‌లో అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచి పైన ఉండాలి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి. ఆ తర్వాత లైనక్స్ మింట్ వేసుకోవాలి, లేదా పీసీ మార్చాలి. మా పీసీలో కొత్త ప్రాసెసర్ అంటే మదర్‌బోర్డ్, ర్యామ్ కూడా మార్చాల్సిందే. మీ పనికి ఈ మూడూ కలిపి మార్చక తప్పని రోజే అప్‌గ్రేడ్ టైమ్.

ఇప్పుడు చెల్లె టెస్టులు మధ్యలో ఆగట్లేదు. బాపు పైసలు ఫీజుకే పోయాయి. నా పార్టుల లిస్ట్ ఇంకా ఫోన్‌లోనే ఉంది.