న్యాయనిర్ణేత తీర్పు

పోటీ ఉన్నచోట గెలుపోటములు ఉంటాయి. గెలుపోటములు ఉన్నచోట వాటిని తేల్చి చెప్పే వ్యక్తి ఒకరు ఉండక తప్పదు. కబడ్డీలో రిఫరీ, క్రికెట్‌లో అంపైరు, ఎడ్ల పోటీలలో న్యాయనిర్ణేత - పేరు ఏదైనా చేసే పని ఒక్కటే. నియమాన్ని పక్షపాతం లేకుండా అమలు చేయడం ఆయన బాధ్యత. ఆ తీర్పును అర్థం చేసుకొని గౌరవించడం క్రీడాకారుల, ప్రేక్షకుల బాధ్యత. గౌరవించడమంటే తీర్పులో ఎన్నడూ పొరపాటు జరగదని నమ్మడం కాదు. పొరపాటు జరిగిందని తోచినప్పుడు కూడా నియమం చూపిన దారిలోనే నడవడం.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు కృష్ణా జిల్లాకు ఎగువనున్న మెట్టసీమ. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో భాగమయ్యాయి. సంక్రాంతి వచ్చినా, తిరునాళ్లు జరిగినా మెట్టపల్లెలకు ఎడ్ల బండలాగుడు, కబడ్డీ పోటీలు గొప్ప వేడుకలు. బండలాగుడులో ఎడ్లను పళ్లను బట్టి విభాగాలుగా చేస్తారు. నిర్ణీత కాలంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతదే గెలుపు. ఆ దూరాన్ని అడుగుల లెక్కన కొలుస్తారు. బిడ్డల వలె సాకిన ఎడ్లు కొద్దిపాటి తేడాతో వెనుకబడితే రైతు మనసు చివుక్కుమనడం సహజం. అయితే ప్రేక్షకుల చూపు ఎడ్ల మీద ఉంటుంది. న్యాయనిర్ణేత చూపు బండ మీద, గడియారం మీద ఉంటుంది. ఇద్దరూ ఒకే పోటీని చూస్తున్నా, వారు చూసేది ఒకటి కాదు.

కబడ్డీలో ఈ భేదం మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఎదుటి బరిలో ఆరుగురు లేక అంతకు మించి ఆటగాళ్లు ఉన్నప్పుడు కూతగాడు బోనస్ గీతను దాటితే ఒక పాయింటు లభిస్తుంది. కాని ఒక పాదం గీత దాటి నేలను తాకిన క్షణంలో రెండవ పాదం గాలిలో ఉండాలి. దూరాన నిలిచి కేకలు వేసేవారికి దాటిన పాదమే కనిపిస్తుంది. దగ్గరగా నిలిచిన అంపైరు రెండు పాదాలనూ గమనించి చెబుతాడు. నియమం తెలియని వాడికి ఆ తీర్పు అన్యాయంగా తోస్తుంది. కావున తీర్పును గౌరవించడానికి తొలిమెట్టు నియమాన్ని తెలుసుకోవడమే.

నియమంలోనే స్పష్టత కొరవడితే ఎంత చిక్కు వస్తుందో 2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో ప్రపంచం చూసింది. ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ తుదిపోరులో భారత్, ఇరాన్ జట్లు 28-28తో సమంగా నిలిచాయి. అప్పుడు కూతకు వెళ్లిన పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే లాబీలో అడుగు పెట్టాడు. అతనిని పట్టబోయిన ఇరాన్ ఆటగాళ్లూ వెంట వెళ్లారు. పాత నియమం ప్రకారం వారందరూ అవుట్. కొత్త నియమం ప్రకారం కూతగాడు ఒక్కడే అవుట్. ఏ నియమం వర్తిస్తుందన్న వాదంతో ఆట సుమారు గంటసేపు నిలిచిపోయింది. చివరకు భారత్ 33-29తో గెలిచింది. నియమాలను ముందే అందరికీ తేటతెల్లం చేయవలసిన బాధ్యత నిర్వాహకులదని ఈ ఘటన తెలుపుతున్నది.

న్యాయనిర్ణేత కూడా మనిషే. 2022 ఏప్రిల్ 30న మనీలాలో జరిగిన ఆసియా బ్యాడ్మింటన్ సెమీఫైనల్‌లో పి.వి. సింధు మొదటి గేము గెలిచి, రెండవ గేములో 14-11తో ముందంజలో ఉంది. సర్వీసు ఆలస్యం చేసిందంటూ అంపైరు ఒక పాయింటును ప్రత్యర్థి యమగుచికి ఇచ్చాడు. సింధు అభ్యంతరం తెలిపినా ఫలితం లేకపోయింది. ఆమె ఎంతో బాధపడింది. అయినా ఆటను విడిచిపెట్టక చివరి వరకు ఆడి ఓడిపోయింది. తరువాత సంబంధిత సంస్థకు తన అభ్యంతరాన్ని తెలియజేసింది. ఆ సంస్థ సాంకేతిక సంఘం జులైలో క్షమాపణ చెప్పింది. చేజారిన పోటీ తిరిగి రాలేదు. కాని పొరపాటు పొరపాటుగా నమోదైంది.

ఇట్టి అభ్యంతరాల వలననే క్రీడావ్యవస్థలు మెరుగుపడతాయి. ఒకప్పుడు టెస్టు క్రికెట్‌లో ఆతిథ్య దేశపు అంపైర్లే తీర్పు చెప్పేవారు. దానిపై అనుమానాలు పెరగగా 1986లో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల పోటీకి తటస్థ అంపైర్లుగా ఇద్దరు భారతీయులను నియమించారు. వారిలో ఒకరు హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి. 2008లో తీర్పును పునఃపరిశీలింపజేసుకొనే పద్ధతి తొలిసారి పరీక్షకు వచ్చింది. 2019లో రాజమహేంద్రవరంలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి అంతర్జాతీయ క్రికెట్ మండలి తొలి మహిళా మ్యాచ్ రిఫరీ అయింది.

పల్లెలో ఈల పట్టి నిలిచేవారు తరచుగా వ్యాయామోపాధ్యాయుడో, పూర్వం ఆడిన పొరుగూరి పెద్దో అయి ఉంటారు. ఆయనను దుర్భాషలాడి పంపితే మరుసటి ఏడు ఆ బాధ్యతకు ఎవరు ముందుకు వస్తారు? పోటీ నాటి తగవు ఊళ్ల మధ్య పగగా మారితే నష్టపోయేది ఇరువురూ. సందేహం కలిగినప్పుడు నాయకుని ద్వారా వినయంగా అడగాలి. సరిపడకపోతే నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలపాలి. అంతవరకు ఆటను కొనసాగించాలి. గెలుపు ఒక్కనాటిది. న్యాయంగా ఆడినవాడన్న పేరు కలకాలం నిలుస్తుంది.

ప్రశ్నలు

1. తీర్పును గౌరవించడమంటే ఏమిటి? పాఠం ఆధారంగా వివరించండి.
2. హాంగ్‌ఝౌ, మనీలా ఘటనల మధ్య గల భేదాన్ని తెలపండి.
3. మీ కళాశాల క్రీడాపోటీలలో తీర్పుపై సందేహం కలిగితే మీరేమి చేస్తారో రాయండి.