జన్యుక్రమం చదవాలంటే కేస్‌షీటు కూడా తెలియాలి

1827 జులై 6న మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. ఇరవై ఏళ్ల కిందట దత్తమండలాల కలెక్టరుగా తాను తిరిగిన ఊళ్లను, పదవి వదిలే ముందు ఇంకొక్కసారి చూసుకుందామని వచ్చిన పర్యటన అది. ఒక ప్రెసిడెన్సీకి అధిపతి అయినా, ఆ జబ్బు దేనివల్ల వచ్చిందో ఆయనకు చెప్పగల వైద్యుడు అప్పటికి ప్రపంచంలోనే లేడు. కలరా క్రిమిని ఫిలిప్పో పచీని సూక్ష్మదర్శినిలో చూసి రాసింది 1854లో. అదే కలరా 2010లో హైతీలో చెలరేగితే, ఆ క్రిమి నేపాల్‌లోని క్రిమికి దగ్గరి బంధువని జన్యుక్రమం పోల్చి మరుసటి ఏడాదికల్లా చూపించారు. తెలియక చేతులు కట్టుకు నిలబడిన కాలం నుంచి, క్రిమి ఏ దారిన వచ్చిందో చెప్పగలిగే కాలానికి మనం వచ్చాం. ఆ దారి చెప్పే పనిని వృత్తిగా ఎంచుకోదలచిన పత్తికొండ, ఆదోని, డోన్, ప్రొద్దుటూరు విద్యార్థుల కోసం ఈ వ్యాసం. ఇందులో నేను చెప్పదలచింది ఒక్కటే. కొత్త వైరస్‌ల జన్యుక్రమ పరిశోధనలో నేడు ఎక్కువ కొరత ఉన్నది అక్షరాలు చదివే యంత్రాలకు కాదు, ఆ అక్షరాలను మంచం మీది రోగితో, ఆ రోగి ఊరితో ముడిపెట్టి అర్థం చెప్పగల మనుషులకు. ఆ పనికి చిన్న ఊరి నుంచి రావడం లోటు కాదు, ఒక బలం.

పని ఎలా సాగుతుందో ముందు చూద్దాం. జ్వరంతో వచ్చిన రోగి ముక్కు నుంచో, రక్తం నుంచో, వెన్నునీటి నుంచో శాంపిల్ తీస్తారు. చల్లదనం తగ్గకుండా ల్యాబ్‌కు చేరుస్తారు. వైరస్‌లో ఉన్నది ఆర్‌ఎన్‌ఏ అయితే దాన్ని వేరుచేసి, డీఎన్‌ఏగా మార్చి, ముక్కలుగా పెంచి యంత్రంలోకి ఎక్కిస్తారు. యంత్రం ఇచ్చేది కథ కాదు, లక్షలాది చిన్న తునకలు. వాటిని కంప్యూటర్‌లో వరసపేర్చి, ముందే తెలిసిన వైరస్‌తో పోల్చి, ఏ అక్షరం మారిందో పట్టుకుంటారు. కొవిడ్ వైరస్ జన్యుక్రమం సుమారు 30 వేల అక్షరాలు, మనిషిది 300 కోట్ల పైచిలుకు. అంత చిన్నది కాబట్టే 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు ఆ క్రమాన్ని బయటపెట్టగానే, ప్రపంచమంతా పరీక్షలూ టీకాలూ తయారుచేసే పనిలో పడింది. ఈ గొలుసులో ప్రతి కొక్కెం ఒక ఉద్యోగమే. శాంపిల్ తీసే ల్యాబ్ టెక్నీషియన్, వార్డులో లక్షణాలు రాసే వైద్యుడు, ఆర్‌ఎన్‌ఏ తీసే మైక్రోబయాలజిస్టు, తునకలు పేర్చే బయోఇన్ఫర్మాటిక్స్ నిపుణుడు, ఎక్కడెక్కడ ఎందరికి వచ్చిందో లెక్కగట్టే ఎపిడెమియాలజిస్టు. ఒక్క చోట తప్పు జరిగినా మిగతా నలుగురి శ్రమా వృథా.

ఈ శ్రమ వల్ల రోగికి ఏం ఒరిగిందని అడగడం న్యాయమే. 2003 వేసవి చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు జ్వరం, ఫిట్స్ వచ్చి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోయేది. 329 మంది జబ్బుపడితే 183 మంది చనిపోయారు. మెదడువాపు అనగానే అందరి అనుమానం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదికే పోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు శాంపిళ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి, పీసీఆర్ చేసి, జన్యు అక్షరాలు చదివి, అది 1965లో నాగపూర్ దగ్గర చాందీపుర గ్రామంలో తొలిసారి దొరికిన వైరస్‌తో ముడిపడినదని తేల్చారు. పేరు మారితే పోరాటం మారుతుంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ దోమలతో, పందులతో ముడిపడింది. చాందీపుర వైరస్‌ను మోసేది మట్టిగోడల నెర్రెల్లో దాగే ఇసుక ఈగ. ఎక్కడ మందు చల్లాలి, ఏ గోడల నెర్రెలు పూడ్చాలి అన్న నిర్ణయం ఆ గుర్తింపు మీద ఆధారపడి ఉంది.

రెండో ఉదాహరణ మన సీమ ఇంకా మరచిపోనిది. 2005 చివర్లో మొదలైన చికున్‌గున్యా రాయలసీమ పల్లెల్ని కీళ్ల నొప్పులతో మంచాన పడేసింది. 2006లో దేశం మొత్తంమీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. 1963 నుంచి 1973 వరకు మన దేశంలో తిరిగింది ఆసియా రకం వైరస్. ఈసారి వచ్చింది తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా రకమని జన్యుక్రమం చెప్పింది. మహారాష్ట్రలోని యవత్‌లో 2000లో దొరికిన శాంపిల్‌లోనూ ఆ రకమే ఉందంటే, అది మనకు తెలియకుండానే కొన్నేళ్ల ముందు దేశంలో అడుగుపెట్టిందన్నమాట. అయితే జన్యుక్రమం ఇక్కడితో ఆగిపోతుంది. పత్తికొండ, కడప వంటి చోట్ల ఆ జబ్బు ఇల్లిల్లూ ఎందుకు చుట్టింది? కొళాయి నీళ్లు రోజుల తరబడి రాకపోతే డ్రమ్ముల్లో, తొట్లలో, సంపుల్లో నీళ్లు పట్టిపెట్టుకోక తప్పదు. ఏడిస్ ఈజిప్టి దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా అలాంటి నీళ్లలోనే. వానలు కురవని నేలలో దోమల జబ్బు ఎలా పెరిగిందన్న ప్రశ్నకు జవాబు వైరస్ అక్షరాల్లో దొరకదు, వీధి కొళాయి దగ్గర దొరుకుతుంది. రెండు జవాబుల్నీ కలిపి చదివితేనే అది విజ్ఞానమవుతుంది.

కర్నూలు నేర్పిన పాఠం

ఆ రెంటినీ కలిపి చదవకపోతే ఏమవుతుందో కర్నూలు పేరుతోనే దేశం చూసింది. వైరస్ ముల్లు ప్రోటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరాజిన్ బదులు లైసిన్ రావడాన్ని ఎన్440కె అంటారు. ఈ మార్పు ఉన్న కరోనా రకం 2020 రెండో సగంలో దక్షిణ రాష్ట్రాల్లో కనిపించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో పెంచిన కణాల మీద పరీక్షించి, అప్పట్లో ఎక్కువగా ఉన్న ఏ2ఏ రకంతో పోలిస్తే ఇది 10 రెట్లు ఎక్కువ వైరస్‌ను పుట్టిస్తోందని రాశారు. అది పెంపుడు కణాల్లో జరిగిన పరిశీలన, జనంలో జరిగింది కాదు. 2021 మే మొదటి వారానికి ఆ మాట పత్రికల్లో, టీవీల్లో 'ఏపీ స్ట్రెయిన్', 'కర్నూలు వేరియంట్', '15 రెట్లు ప్రమాదం' అని రూపం మార్చుకుంది. మే 6న ఢిల్లీ ప్రభుత్వం రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారిని 14 రోజులు క్వారంటైన్‌లో ఉంచాలని ఆదేశించింది. నిజానికి అప్పటికే ఎన్440కె తగ్గిపోతోందని, దాని స్థానాన్ని బి.1.617, బి.1.1.7 రకాలు ఆక్రమిస్తున్నాయని సీసీఎంబీ శాస్త్రవేత్తలే స్పష్టం చేశారు. రెండో వేవ్‌లో ఆసుపత్రుల్ని నింపింది తర్వాత డెల్టా అని పిలిచిన బి.1.617.2.

ఈ ఘటనలో యంత్రం తప్పు చదవలేదు. మార్పు నిజం, ప్రయోగం నిజం. లేనిది మధ్య వంతెన. ఆ మార్పు ఉన్న రోగులకు జబ్బు ముదిరిందా, వాళ్ల వయసెంత, షుగర్ ఉందా, వారం వారం ఆ రకం వాటా పెరుగుతోందా తగ్గుతోందా అన్నవి అడిగితే భయానికి చోటుండేది కాదు. మరో సంగతి చూడండి. అదే ఎన్440కె మార్పు తర్వాత ఒమిక్రాన్‌లోనూ ఉంది. అంటే ఒక అక్షరం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఏ అక్షరాల పక్కన ఉంది, ఎవరి ఒంట్లో ఉంది అన్నదాన్ని బట్టి దానికి అర్థం. ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు అంటగట్టడం వల్ల అక్కడివాళ్లు నిందపాలవుతున్నారనే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31న వేరియంట్లకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టింది. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం, చెప్పగలిగినంతే చెప్పడం ఈ వృత్తిలో సాంకేతిక నైపుణ్యంతో సమానం.

ఇక్కడే మన ప్రాంతపు పిల్లలకు అవకాశం ఉంది. కర్నూలు జిల్లా పడమటి పల్లెల నుంచి ఏటా కుటుంబాలు సుగ్గికి, అంటే పనుల వలసకు, వెళతాయి, గుంటూరు మిరప చేలకు, కర్ణాటకకు. పత్తికొండ మార్కెట్ నుంచి టమాటా లారీలు పక్క రాష్ట్రాలకు పోతాయి. జ్వరంతో వచ్చిన మనిషిని 'ఎక్కడికైనా ప్రయాణం చేశారా' అని అడిగితే లేదంటాడు, 'సుగ్గికి పోయొచ్చినారా' అని అడిగితే ఊరూ తేదీ చెబుతాడు. కేస్‌షీటులో ఆ ఒక్క ముక్క ఉంటే, రెండు జిల్లాల్లో దొరికిన వైరస్‌లు ఎందుకు ఒకేలా ఉన్నాయో తెలుస్తుంది. అది లేకపోతే ఎంత ఖరీదైన యంత్రం చదివినా ఆ క్రమం చిరునామా లేని ఉత్తరమే.

దారులు ఏవి?

ఇంటర్ బైపీసీ నుంచి మూడు బాటలున్నాయి. మొదటిది వైద్యం: ఎంబీబీఎస్ తర్వాత ఎండీ మైక్రోబయాలజీ గానీ కమ్యూనిటీ మెడిసిన్ గానీ. రెండోది ల్యాబ్: బీఎస్సీ మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ గానీ డిప్లొమా గానీ చేసినవారు వైరాలజీ ల్యాబ్‌లలో అడుగుపెట్టవచ్చు. కర్నూలు, అనంతపురం వైద్య కళాశాలల్లో, తిరుపతి స్విమ్స్‌లో ఇలాంటి ల్యాబ్‌లున్నాయి. మూడోది సైన్స్: మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీలతో బీఎస్సీ, ఆపై ఎమ్మెస్సీ. దేశంలో వైరాలజీకి ప్రత్యేక విభాగం ఉన్న కొద్ది విశ్వవిద్యాలయాల్లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకటి. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ ఉన్నాయి. వీటికి ఏపీ పీజీసెట్ రాయాలి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్. పరిశోధనకు పోదలిస్తే సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్ కావాలి. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్, పైన ఇంటి అద్దె భత్యం ఉంటాయి. ఎంపీసీ చదివినవారికీ తలుపు మూసి లేదు. పైథాన్, గణాంకశాస్త్రం వచ్చిన బీటెక్, బీఎస్సీ పట్టభద్రులు జీవశాస్త్రం నేర్చుకుని బయోఇన్ఫర్మాటిక్స్‌లోకి వస్తున్నారు. ఏ బాటలో వెళ్లినా మిగతా రెండింటి భాష కొంతైనా నేర్చుకోండి. ల్యాబ్ చెయ్యి ఉన్నవాళ్లు కమాండ్ లైన్ నేర్వాలి, కంప్యూటర్ చెయ్యి ఉన్నవాళ్లు కేస్‌షీటు చదవడం నేర్వాలి.

అభ్యంతరాలు, జవాబులు

కొవిడ్ పోయింది, ఈ ఉద్యోగాలూ పోయాయి కదా అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. ఈ రంగంలో చాలా పోస్టులు ప్రాజెక్టుల కింద, కొన్నేళ్ల కాంట్రాక్టు మీద ఉంటాయి. ప్రాజెక్టు ముగిస్తే జీతం ఆగుతుంది. ఇంటి బాధ్యతలున్న విద్యార్థి ఇది తెలిసే రావాలి. అయితే నేర్చిన విద్య ప్రాజెక్టుతో ముగిసిపోదు. మందులకు లొంగని క్షయను గుర్తించడానికి, క్యాన్సర్‌కు ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి, పుట్టిన బిడ్డల్లో వంశపారంపర్య జబ్బులు కనిపెట్టడానికి ఇదే చెయ్యి కావాలి. పొలానికీ కావాలి. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగ సుమారు 2,25,000 హెక్టార్లలో ఎండిపోతే, మొదట మొవ్వుకుళ్లు అనుకున్నారు. వేరే వైరస్ అని శాస్త్రవేత్తలు గుర్తించాక, గట్ల మీది వయ్యారిభామ పుప్పొడి, దాన్ని మోసే తామర పురుగులు కారణమని తేలింది. కలుపు పీకితే తెగులు తగ్గుతుందన్న సలహా ఆ గుర్తింపు నుంచే పుట్టింది. పిల్లల మెదడువాపులో జరిగిన కథే చేలో మళ్లీ జరిగింది.

కృత్రిమ మేధ వచ్చాక తునకలు పేర్చడానికి మనిషి ఎందుకన్నది రెండోది. వైరస్ ఏ వంశానిదో సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో చెబుతోంది, నిజమే. కానీ రెండు గొట్టాల లేబుళ్లు తారుమారయ్యాయేమో, పక్క శాంపిల్ తుంపర ఇందులో పడిందేమో, తేలికపాటి కేసుల్ని వదిలేసి ఐసీయూ శాంపిళ్లే పంపడంతో వైరస్ భయంకరంగా కనిపిస్తోందేమో అని అనుమానించాల్సింది మనిషే. లెక్క కట్టే పని యంత్రానికి పోయేకొద్దీ ప్రశ్న వేసే పనికి విలువ పెరుగుతుంది.

ఇవన్నీ నగరాల్లో, ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకే కదా అన్నది మూడోది. హైదరాబాద్, పుణె వెళ్లక తప్పని దశ ఒకటి వస్తుంది, దాచడం ఎందుకు? కానీ మొదలుపెట్టడానికి వెళ్లనక్కర్లేదు. ఎన్‌సీబీఐ భాండాగారంలో లక్షల వైరస్ క్రమాలు ఉచితం. గెలాక్సీ అనే వేదికలో బ్రౌజర్‌తోనే విశ్లేషణ చేయవచ్చు. ఎన్‌పీటెల్ పాఠాలు డబ్బు కట్టకుండా వినవచ్చు. డిగ్రీ మూడేళ్లలో వారానికి నాలుగు గంటలు కేటాయించి, ఒక చికున్‌గున్యా క్రమాన్ని మరొకదానితో పోల్చి, తేడా ఏమిటో ఒక పేజీలో తెలుగులోనే రాయగలిగితే, ఆ పేజీ మీ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే గట్టిగా మాట్లాడుతుంది.

జన్యుక్రమం చదివినంత మాత్రాన రోగి బతకడన్నది చివరి అభ్యంతరం. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. ఆక్సిజన్, సెలైన్, సమయానికి ఆసుపత్రి, ఇవే ప్రాణం నిలిపేవి. మన్రోకు కలరా క్రిమి పేరు తెలిసినా ఆ రాత్రి బతికేవాడు కాదేమో, ఒంట్లో నీరు నిలబెట్టే వైద్యం ఉంటే బతికేవాడేమో. కానీ తర్వాత జబ్బుపడబోయే వందమంది సంగతి వేరు. ఏ నీళ్లు ఆపాలి, ఏ నెర్రె పూడ్చాలి, ఏ డ్రమ్ముకు మూత పెట్టాలి, ఏ పుకారును నమ్మకూడదు అన్నవి గుర్తింపు మీదే ఆధారపడతాయి. తర్వాత వచ్చే వైరస్ కూడా ఏదో ఒక ఊరి ఆసుపత్రిలో, పేరు తెలియని జ్వరంగానే ముందు కనిపిస్తుంది. ఆ జ్వరాన్ని తీసుకొచ్చిన మనిషిని వాళ్ల మాటలోనే సరైన ప్రశ్న అడిగి, ఆ జవాబును యంత్రం ఇచ్చిన అక్షరాల పక్కన పెట్టి చదవగలిగినవాళ్లు పత్తికొండ నుంచి రావాలి.