ఉప్పు తెచ్చే బరువు: నీరా, కొవ్వా?

"స్వామీ, తెల్లవారుజామున మెట్లెక్కి, కొండ దిగి వచ్చి తూకం చూసుకుంటే కిలోన్నర తగ్గినాను. మూడోనాటికి మళ్ళా అంతే ఉండాను. నా ఒళ్ళు తగ్గేది కాదా?" అని ఇటీవల ఒక గృహిణి నన్ను అడిగినది. అలిపిరి పాదాల మండపం దాపున వైద్యం చేస్తున్న నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. వారం వారం మెట్లెక్కే నియమం పెట్టుకున్నవారు ఈ ఊరిలో ఎందరో ఉన్నారు. పుణ్యంతోపాటు ఒళ్ళు కూడా తగ్గవలెనని కోరుకోవడంలో తప్పు లేదు. అయితే తగ్గినదేమిటో, తిరిగి వచ్చినదేమిటో గ్రహించనివారు కొద్ది వారాలకే విసిగి ఆ మంచి అలవాటును మానివేస్తున్నారు.

అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఆ ఎక్కుడులో కారే చెమట లీటరు దాటడం సామాన్యం. లీటరు నీరు కిలో బరువు. కొవ్వు సంగతి వేరు. ఒక కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7,700 కేలరీలు వ్యయం కావలెను. ఒక పూట నడకలో అందులో పదోవంతు ఖర్చయితే గొప్ప. అనగా ఆమెకు నిజంగా తగ్గిన కొవ్వు నూరు గ్రాములకు కాస్త అటూ ఇటూ, మిగిలినదంతా నీరే. ఆ నూరు గ్రాములే ఆమె సంపాదన. తూకం యంత్రం దానిని చూపలేదు.

ఇక తిరిగి వచ్చిన బరువు. దారి పొడవునా ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు, ఇంటికి రాగానే ఊరగాయతో అన్నం, నంజుకు అప్పడం, ఊరమిరపకాయ. మన శరీరద్రవంలో ఉప్పు పాలు ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. లీటరుకు సుమారు 9 గ్రాములని లెక్క. ఉప్పు ఎక్కువైతే దప్పిక పుడుతుంది, మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి. అదనంగా తిన్న 9 గ్రాముల ఉప్పు విసర్జింపబడేవరకు దాదాపు ఒక లీటరు నీటిని తన వెంట నిలుపుకోగలదు. ఆ విసర్జనకు ఒకటి రెండు రోజులు, ఒక్కొక్కరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఉంగరం బిగియడం, ఉదయం ముఖం ఉబ్బడం ఇందువల్లనే. స్త్రీలకు బహిష్టుకు ముందు రోజులలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

గురుకులంలో మేము చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయం చదివేటప్పుడు, అతిగా వాడకూడని మూడు ద్రవ్యాలలో పిప్పలి, క్షారాలతోపాటు లవణం కూడా ఉండడం నాకు ఆశ్చర్యంగా తోచేది. పాలతో కూడా ఉప్పు తినే సౌరాష్ట్ర, సింధు ప్రాంతాల జనులను ఆచార్యుడు అక్కడ ఉదాహరణగా చూపి, శరీర శైథిల్యం, దౌర్బల్యం దాని ఫలితమన్నాడు. స్థౌల్యాన్ని మాత్రం సూత్రస్థానంలో వేరుగా విచారించాడు. మేదస్సు వేరు, శోఫ వేరు. ఉప్పు తగ్గిస్తే నీరు తగ్గుతుంది, మేదస్సు కరగదు. దానికి ఆహారమే మారవలెను.

సైంధవ లవణమైతే ఎంతైనా తినవచ్చునని కొందరి నమ్మకం. లవణాలలో సైంధవం శ్రేష్ఠమని శాస్త్రం చెప్పినది నిజమే. కాని అదీ అత్యధికభాగం సోడియం క్లోరైడే. గులాబీ రంగు చూసి చెంచాలు పెంచరాదు.

ఆ గృహిణి లేవబోతూ మెల్లగా ఇంకొక మాట అడిగినది: పొరుగింటి పెద్దామె రక్తపోటుకు వాడే, మూత్రం జారీచేసే మాత్ర తాను రోజూ ఒకటి వేసుకోవచ్చునా అని. నాకు భయం కలిగించినది ఈ ప్రశ్నే. ఆ మాత్రలు నీటిని తోడివేస్తాయి, కొవ్వును తాకవు. వాటిలో చాలావాటివల్ల పొటాషియం కూడా పోతుంది. కాళ్ళు పిక్కలు పట్టడం, తల తిరగడం, ఒక్కొక్కప్పుడు గుండె లయ తప్పడం సంభవించవచ్చు. చెమట కారుతూ మెట్లెక్కేవారికి ఇది మరీ ప్రమాదం. బరువు కోసం ఆ మాత్ర ముట్టరాదు. వైద్యుడు రాసి ఇచ్చినవారు తమంతట తాము మానరాదు.

ఆమెకు నేను చెప్పిన పథ్యం ఇది. రోజుకు అన్నిటిలో కలిపి ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించకూడదు. ఊరగాయ రోజూ కాక వారానికి రెండు పూటలు. రాగిసంకటికి, మజ్జిగకు ఉప్పు వేయకపోయినా రుచి నెల రోజులలో అలవాటవుతుంది; నిమ్మరసం, వాము, మిరియాలు సాయపడతాయి. రాత్రి అన్నం తగ్గించి యవల జావ, ఉడికిన ఉలవలు. తూకం వారానికి ఒకసారి, అదే వారం, ఉదయం కాలకృత్యాల తరువాత పరగడుపున చూసుకోవలెను. కొండ దిగిన రోజున చూడవద్దు. మెట్లెక్కేటప్పుడు దాహానికి నీరు తాగవలెను. బరువు తగ్గుతుందని దాహాన్ని అణచుకోవడం అవివేకం.

పునర్నవ, అనగా అటికమామిడి, ఆకును పప్పులో వండుకోవచ్చు. అది మూత్రాన్ని జారీచేసే ఆకు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దానిని గాని, బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పును గాని వైద్యుని అడగక వాడరాదు. ఆ ఉప్పులో పొటాషియం ఉంటుంది.

చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కొద్ది క్షణాలు అదిమి చూడండి. గుంట పడి నిలిచి ఉంటే, పడుకున్నప్పుడు ఆయాసం వస్తే, లేదా మూడు నాలుగు రోజులలో రెండు కిలోల బరువు పెరిగితే అది తిండి దోషమనుకుని ఇంట్లో కూర్చోవద్దు. గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్ష చేయించుకోండి. ఆకుకూరల పథ్యం ఆ తరువాత.