ఉపన్యాస తరగతుల్లో విద్యార్థుల భాగస్వామ్యం: ఓటింగ్ సాధనాలతో ఒక వేరుశనగ పాఠం

"సందేహాలేమైనా ఉన్నాయా?" అని అధ్యాపకుడు అడగడం, ఎవరూ నోరు మెదపకపోవడం, పాఠం అర్థమైనదని భావించి ముందుకు సాగడం వ్యవసాయ కళాశాలల్లో నిత్యం జరిగేదే. మన పట్టభద్ర కోర్సులో బోధన ఆంగ్లంలో సాగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన గ్రామీణ విద్యార్థికి విషయం తెలిసినా చెప్పడానికి మాట రాదు. ఆ మౌనాన్ని అజ్ఞానంగా లెక్కగట్టిన పొరపాటు నేనూ చాలా ఏళ్లు చేశాను.

హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991లో ఒక పద్ధతిని ప్రారంభించారు. ఉపన్యాసం మధ్యలో భావనకు సంబంధించిన ప్రశ్న ఒకటి ఇస్తారు. ప్రతి విద్యార్థీ ముందుగా సొంతంగా జవాబు ఎంచుకోవాలి. సరైన జవాబులు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పక్కవారితో చర్చింపజేసి మళ్లీ ఓటు వేయిస్తారు. అంతకు తగ్గితే పాఠాన్ని తిరిగి చెప్పాలి, మించితే క్లుప్తంగా వివరించి ముందుకు పోవచ్చు. చురుకైన అభ్యసనపై వెలువడిన 225 అధ్యయనాలను ఫ్రీమన్ బృందం 2014లో విశ్లేషించింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో తప్పినవారు సగటున 33.8 శాతం కాగా, విద్యార్థులు పాల్గొన్న తరగతుల్లో 21.8 శాతం.

వేరుశనగ పాఠంలో నేను అడిగిన ప్రశ్న ఇది: "భూమిలోని కాయకు కాల్షియం ఎక్కడి నుంచి అందుతుంది?" వేర్ల ద్వారా, ఆకుల నుంచి, కాయ చుట్టూ ఉన్న మట్టి నుంచి, విత్తనంలోని నిల్వ నుంచి అని నాలుగు జవాబులిచ్చాను. సగానికి పైగా వేర్లనే ఎంచుకున్నారు. మట్టి అని జవాబిచ్చిన కొద్దిమందిలో వీపనగండ్ల మండలం నుంచి వచ్చిన వెనుక బెంచీ విద్యార్థి ఒకడు. అంతవరకు అతని గొంతు నేను విని ఎరుగను. కారణం చెప్పమంటే ఆంగ్లం కోసం తడుముకున్నాడు. తెలుగులో చెప్పమన్నాను. "మా చేన్ల ఒక ఏడు జిప్సం ఎయ్యలే సార్. చెట్టు పచ్చగనే ఉండె, కాయ పీకి చూస్తే అన్నీ లొట్టలే."

శాస్త్రం చెప్పేదీ అదే. వేర్లు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులకు చేరుతుంది గానీ, అక్కడి నుంచి తిరిగి కాయకు దిగదు. భూమిలోని కాయ నుంచి నీరు ఆవిరి కాదు కనుక ఆ ప్రవాహం కాయవైపు మళ్లదు. ఊడలు, కాయలు తమ చుట్టూ ఉన్న మట్టి నుంచే దానిని గ్రహించాలి. ఎకరాకు 200 కిలోల జిప్సంను విత్తిన 40–45 రోజులకు మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమనడం ఇందుకే. చర్చ తర్వాత రెండవ ఓటులో చాలామంది జవాబు మార్చుకున్నారు.

సాధనం ఖరీదైనది కానక్కర లేదు. నెట్‌వర్క్ సరిగా లేని గదుల్లో ఫోను ద్వారా ఓటింగ్ మధ్యలోనే ఆగిపోతుంది, పైగా చేతికి ఫోను ఇస్తే దృష్టి ఎటు పోతుందో వేరే చెప్పాలా! ప్లికర్స్ కార్డులు నాకు అనుకూలించాయి. విద్యార్థి కాగితపు కార్డును తన జవాబుకు తగినట్లు తిప్పి పట్టుకుంటాడు, అధ్యాపకుడి ఫోను కెమెరా చదువుతుంది. ఎవరిది ఏ జవాబో పక్కవారికి సులభంగా తెలియదు. ఒక సెమిస్టరులో ఈ జవాబులకు మార్కులు కేటాయించాను. కార్డులన్నీ చురుకైన విద్యార్థి కార్డును చూసి తిరగసాగాయి, ఆ ఏర్పాటు మానుకున్నాను.

ఒక్కో ప్రశ్నకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఆ సమయం కోసం రకాల పట్టికను చదివి వినిపించడం ఆపి, అచ్చు ప్రతిగా ఇస్తున్నాను.