స్నేహగుణం - హైడ్రోజన్ బంధం : ఒక తులనాత్మక పరిశీలన

తర్కసంగ్రహంలోని స్నేహ లక్షణాన్ని బోధించే సందర్భంలో, ఆధునిక రసాయనశాస్త్రం చెప్పే హైడ్రోజన్ బంధమే ఇదని అనాలనిపించడం సహజం. ఈ సమీకరణం ఎంతవరకు యుక్తమో పరిశీలించడమే ప్రస్తుత వ్యాసోద్దేశం.

కణాదుడు జలాన్ని ద్రవమనీ స్నిగ్ధమనీ నిర్వచించాడు. ఆయన పేర్కొన్న పదిహేడు గుణాలకు ప్రశస్తపాదుడు చేర్చిన ఏడింటిలో స్నేహం ఒకటి. పొడి మొదలైనవి ముద్దకట్టడానికి హేతువైన గుణమే స్నేహమనీ, అది జలమాత్రవృత్తి అనీ 17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు నిర్ణయించాడు. ముక్తావళీకారుడైన విశ్వనాథుడు మరొక అడుగు ముందుకు వేశాడు. పేలపిండి ముద్దకట్టడానికి ద్రవత్వం ఒక్కటే చాలదు, స్నేహసహితమైన ద్రవత్వం కావాలి. కనుకనే కరిగిన బంగారం ద్రవమైనా పిండిని ముద్దచేయజాలదు. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు. ఆ వేడికి పిండి మాడిపోతుంది. కనుక ఇది యుక్తికి చెప్పిన ఉదాహరణమే. అయినా పాదరసం సాధారణ ఉష్ణోగ్రత వద్దనే ద్రవమై ఉండి కూడా పిండిని తడపదు. ద్రవత్వ స్నేహాల భేదం ఆ విధంగా నిలుస్తుంది.

ఆధునికుల వివరణ ఇది. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. ఒక అణువులోని హైడ్రోజన్, పొరుగు అణువులోని ఆక్సిజన్ చేత ఆకర్షింపబడుతుంది. దీనిని 1920లో లాటిమర్, రోడెబుష్ నీటి విషయంలో ప్రతిపాదించారు. ఈ బంధం, అణువు లోపలి బంధంలో సుమారు ఇరవయ్యో వంతు బలం మాత్రమే కలది. పిండిలోని హైడ్రాక్సిల్ సమూహాలతోనూ నీరు ఇట్లే బంధిస్తుంది. రేణువులను దగ్గరకు లాగే తలతన్యత నీటికి అధికంగా ఉండడానికీ ఇదే కారణం.

ఇంతవరకు సామ్యం. వైషమ్యం నూనె దగ్గర బయటపడుతుంది. నూనెలోని స్నేహం అందులోని జలభాగానిదేననీ, దాని ప్రకర్షవల్లనే నూనె దహనానికి అనుకూలిస్తుందనీ విశ్వనాథుని సమాధానం. రసాయనశాస్త్రం దీనిని అంగీకరించదు. నూనె జిడ్డు నీటివల్ల కలిగినది కాదు. నూనె అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకోలేవు. జంతికల పిండిలో కాచిన నూనె పోస్తే ముద్ద బిగువు తగ్గి అవి గుల్లగా వస్తాయి. శాస్త్రకారులు ఒకే స్నేహమన్న చోట రెండు భిన్న కారణాలు ఉన్నాయన్నమాట.

పదార్థ విభాగంలోనూ భేదముంది. స్నేహం ఒక ద్రవ్యాన్ని ఆశ్రయించిన గుణం. హైడ్రోజన్ బంధం ఉభయనిష్ఠం. ఆ దృష్టితో అది సంయోగానికి సన్నిహితం. వైశేషికుల పరమాణువు నిరవయవం కాగా, నేటి పరమాణువు సావయవమన్నది కూడా గమనార్హం.

కాబట్టి స్నేహమే హైడ్రోజన్ బంధమని బోధించడం ఉభయశాస్త్రాలకూ అన్యాయం. పిండి ఎందుకు ముద్దకడుతుందని ప్రశ్నించి, ద్రవత్వం నుండి దానిని అన్వయవ్యతిరేకాలతో వేరుచేసిన పద్ధతి మన తార్కికులది. విద్యార్థికి ఆ పద్ధతిని చూపి, నూనె విషయంలో అది ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్పడమే సమంజసం.