కొత్త రహదారి ప్రణాళిక: ఆక్షేపణ తెలుపవలసిన వేళ

సోలాపూర్ తూర్పు భాగంలోని నేత పేటలలో ఇల్లూ కార్ఖానా సాధారణంగా ఒకే కప్పు కింద ఉంటాయి. తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు సాఖర్‌పేట, దాజీపేట, భద్రావతీపేట వంటి చోట్ల స్థిరపడి తరాలు గడిచాయి. అనేక గృహాలలో కింద సాంచాలు ఆడుతుంటాయి, పైన కుటుంబం నివసిస్తుంది, గుమ్మం వద్ద స్త్రీలు బీడీలు చుడతారు. ఇటువంటి ఇంటి ముందు వీధిని పది అడుగులు వెడల్పు చేస్తే గోడతో పాటు సాంచా నిలిచే చోటు కూడా పోతుంది.

అయినా వెడల్పయిన రహదారి నగరానికి అవసరమే. నూలు నిల్వ ఉన్న ఇరుకు సందులో నిప్పంటుకొన్నప్పుడు అగ్నిమాపక వాహనం లోపలికి రాగలగాలి. చద్దర్లు, తువాళ్ళు తీసుకొనిపోయే లారీలకు దారి ఉండాలి. రహదారి ఎటుగా, ఎంత వెడల్పున వెళ్ళాలి, ఆ నిర్ణయంలో పౌరుని మాటకు చట్టం ఏ దశలో చోటు కల్పించింది అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

1. ముసాయిదా ప్రణాళిక

మహారాష్ట్రలో నగర రహదారులకు ప్రధాన ఆధారం 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, నగర రచనా చట్టం. దీని ప్రకారం మహానగరపాలిక నగరమంతటికీ అభివృద్ధి ప్రణాళికను తయారు చేస్తుంది. కనీసం 20 ఏళ్ళకు ఒకసారి దానిని సవరిస్తుంది. రాబోయే రహదారులు, వెడల్పు కావలసిన వీధులు, పాఠశాలలకూ ఉద్యానవనాలకూ కేటాయించిన స్థలాలు ఆ పటంలో కనిపిస్తాయి.

ముసాయిదా సిద్ధమైన పిమ్మట రాజపత్రంలోనూ, స్థానిక పత్రికలలోనూ ప్రకటన వెలువడుతుంది. అందులో తెలిపిన గడువులోగా ఆక్షేపణలు, సూచనలు లిఖితపూర్వకంగా సమర్పించాలి. ఈ గడువు సాధారణంగా 30 రోజులు. ఏ వ్యక్తి అయినా ఆక్షేపణ తెలుపవచ్చునని చట్టం చెబుతున్నది. కనుక ఇంటి యజమానికి ఉన్న ఈ అవకాశం అద్దెకున్నవారికీ, సాంచాలపై పని చేసే కార్మికునికీ కూడా ఉన్నది.

2. విచారణ, మంజూరు

వచ్చిన ఆక్షేపణలను ప్రణాళికా సమితి పరిశీలిస్తుంది. ఇందులో స్థాయీ సమితి సభ్యులు ముగ్గురు, విషయ నిపుణులు నలుగురికి మించకుండా ఉంటారు. ఆక్షేపణ తెలిపినవారికి తమ వాదన వినిపించే అవకాశం ఈ సమితి కల్పించాలి. సమితి నివేదిక తరువాత ప్రణాళిక రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. ప్రభుత్వం మంజూరు చేసిన పిదప అది అమలులోకి వస్తుంది. మంజూరైన ప్రణాళికలో ఒక రహదారిని మాత్రం మార్చదలచినప్పుడు 37వ సెక్షన్ కింద మళ్ళీ ప్రకటన వెలువడుతుంది. అప్పుడు ఆక్షేపణకు ఒక నెల గడువు ఉంటుంది.

3. భూసేకరణ

మంజూరైన రహదారికి స్థలాన్ని మూడు విధాల తీసుకొంటారు. మొదటిది యజమానితో ఒప్పందం. రెండవది నగదుకు బదులుగా అభివృద్ధి హక్కుల పత్రం ఇవ్వడం. యజమాని దానిని తానే వాడుకోవచ్చు, లేదా మరొక నిర్మాణదారునికి అమ్ముకోవచ్చు. మూడవది 2013 నాటి భూసేకరణ చట్టం కింద సేకరణ.

ఈ మూడవ మార్గంలో ఒక ముఖ్య విషయం దాగి ఉన్నది. 2013 చట్టంలో సామాజిక ప్రభావ అధ్యయనం, సేకరణపై ఆక్షేపణల విచారణ అనే దశలు ఉన్నాయి. కానీ మంజూరైన నగర ప్రణాళిక కోసం తీసుకొనే స్థలాలకు ఆ చట్టంలోని 4 నుండి 15 వరకు గల సెక్షన్లు వర్తించవని మహారాష్ట్ర చట్టం చెబుతున్నది. ఆక్షేపణలు ముసాయిదా దశలోనే విన్నట్లు భావించడం ఇందుకు కారణం.

ఒకే వీధిలో రెండు ఇళ్ళు ఉన్నాయనుకొంటే ఈ తేడా స్పష్టమవుతుంది. మొదటి ఇంటివారు ముసాయిదా పటం చూసి, తమ సిటీ సర్వే నంబరు, వీధి ప్రస్తుత వెడల్పు, సాంచాల సంఖ్య, వాటిపై బ్రతికేవారి సంఖ్య వ్రాసి, ఎదుటి వైపు ఖాళీ స్థలం ఉన్నందున వెడల్పును అటు జరపవచ్చునని సూచించారు. రెండవ ఇంటివారు కొలతలు తీసుకొనే సిబ్బంది వచ్చేదాకా వేచి ఉన్నారు. మొదటివారి సూచన అంగీకరింపబడవచ్చు, తిరస్కరింపబడవచ్చు. కాని సమితి దానిని వినవలసి ఉంటుంది. రెండవవారికి సాధారణంగా మిగిలేది పరిహారం ఎంత అన్న ప్రశ్న మాత్రమే.

4. పరిహారం, గడువులు

2013 చట్టం కింద నిర్ణయించిన పరిహారానికి నూరు శాతం సొలేషియం కలుస్తుంది. మొత్తం చాలదని భావించేవారు పైకము తీసుకొనేటప్పుడు ‘ఆక్షేపణతో స్వీకరిస్తున్నాను’ అని తప్పక వ్రాయాలి. ఆ మాట లేకుండా తీసుకొన్నవారు అధిక పరిహారం కోసం విచారణాధికార సంస్థకు నివేదించమని కోరే హక్కును కోల్పోతారు. అవార్డు ప్రకటించిన సమయంలో హాజరైనవారికి ఇందుకు గడువు 6 వారాలు.

ప్రణాళిక అమలులోకి వచ్చిన 10 ఏళ్ళలో స్థలం సేకరించకపోతే, 127వ సెక్షన్ కింద యజమాని గాని, ఆ స్థలంలో హక్కు ఉన్న మరొకరు గాని ఆధార పత్రాలతో నోటీసు ఇవ్వవచ్చు. ఆపై 24 నెలలలో సేకరణ చర్యలు మొదలు కాకపోతే ఆ కేటాయింపు రద్దవుతుంది.

రహదారి జాతీయ రహదారి అయితే 1956 నాటి చట్టం వర్తిస్తుంది. అక్కడ ఆక్షేపణకు గడువు 21 రోజులే. జూనా పూణే నాకా నుండి పత్రకార్ భవన్ వరకు, జూనా బోరామణి నాకా నుండి మోరార్కా బంగ్లా వరకు ప్రతిపాదించిన ఫ్లైఓవర్ల వంటి పెద్ద పనులలో, సేకరణ ప్రకటన ఏ చట్టం కింద వెలువడిందో మొదట చూడాలి.

5. ప్రకటనలో గుర్తించవలసిన మాటలు

ప్రకటనలు మరాఠీలో వెలువడతాయి. మరాఠీ చదవడం రాని పెద్దలకు ఇంటిలోని విద్యార్థులు ఈ మాటలను గుర్తించి చెప్పగలరు: ‘వికాస్ ఆరాఖడా’ అంటే అభివృద్ధి ప్రణాళిక, ‘హర్కతీ వ సూచనా’ అంటే ఆక్షేపణలు, సూచనలు, ‘రస్తా రుందీకరణ్’ అంటే రహదారి వెడల్పు, ‘భూసంపాదన్’ అంటే భూసేకరణ. ఆక్షేపణకు సిటీ సర్వే ఉతారా, ఘర్‌పట్టీ రసీదు నకళ్ళు జతపరచడం మేలు. సమర్పించిన ప్రతిపై కార్యాలయపు ముద్ర, తేదీ వేయించుకొని భద్రపరచుకోవాలి.

పునశ్చరణ

అ) ముసాయిదాపై ఆక్షేపణ ఎవరు తెలుపవచ్చు?
ఆ) ప్రణాళిక మంజూరైన తరువాత ఏ అవకాశం తగ్గిపోతుంది?
ఇ) పరిహారం తీసుకొనేటప్పుడు ఏ మాట వ్రాయాలి, ఎందుకు?
ఈ) ఇంటి ముందున్న వీధి వెడల్పు ఇప్పుడు ఎంత? ప్రణాళికలో ఎంత? నగర రచనా విభాగంలో పటం చూసి తెలుసుకోండి.